దిండులో కాగితం

పెదనందిపాడు,
28 జనవరి 2024

ఒరేయ్ బాజీ,

నీకు ఫోన్ చేస్తే "ఆఁ అక్కా, బాగున్నా, తిన్నా, పడుకుంటున్నా" అని మూడు ముక్కలు చెప్పి పెట్టేస్తావు. ఉత్తరమైతే కనీసం ఒక పేజీ నింపాలి కాబట్టి ఎక్కడో ఒక నిజం బయటికొస్తుంది. అందుకే మన పద్ధతి మానేది లేదు. ఈ ఊళ్ళో పోస్టాఫీసు ఇంకా నడుస్తోందంటే మీ అక్కాతమ్ముళ్ళ చలవేనని పోస్టుమాస్టరు సాల్మన్ గారు నన్ను చూసినప్పుడల్లా నవ్వుతారు.

ముందు శుభవార్త. నువ్వు గోలు కొట్టిన వీడియో చూశాం! మీ బావ ఫోన్‌కి ఎవరో పంపారు. అవతలివాడెవడో పక్కనుంచి బంతిని తన్నాడు, నువ్వు అడ్డంగా పరిగెత్తుకొచ్చి కాలు చాచావు, బంతి పోయి వలలో పడింది. ఇక జనం అరుపులు చూడాలి! పదిహేనేళ్ళ నుంచి ఆడుతున్నావు, ఏడు క్లబ్బులు మారావు, ఇన్నాళ్ళకి ఒక్క గోలు కళ్ళజూశాం. హయాత్ బావ దూదేకే మిషన్ ఆపేసి, ఫోన్ పట్టుకుని బజారంతా తిరిగొచ్చాడు. నేను రెండు పళ్ళాల బూందీ లడ్లు పంచాను. మిరపకళ్ళంలో తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళక్కూడా ఇచ్చాను. వెంకటరావమ్మ గారు లడ్డూ నోట్లో పెట్టుకుని, "అదేంటమ్మా సఫూరా, గోలు కొట్టినోడు ఎగరాలిగా, మీ తమ్ముడు తలొంచుకుని నిలబడ్డాడే?" అంది. "మావాడికి సిగ్గండీ" అన్నాను.

పని బాగానే ఉంది. పత్తి తీతలు అయిపోయాయి కదా, పరుపులు విప్పించుకునేవాళ్ళు వరసపెట్టి పిలుస్తున్నారు. మొన్న పర్చూరులో మాధురి టీచరుగారి పెళ్ళినాటి పరుపు విప్పితే దూది మధ్యలో ముడేసిన చేతిరుమాలు దొరికింది. నాతో పనిచేసే రిహానా "విప్పి చూద్దాం వదినా" అంది. చెయ్యి మీద ఒక్కటిచ్చాను. అమ్మ ఏం చెప్పేదో గుర్తుందిగా? "పరుపు మన చేతికిచ్చారంటే పడగ్గది తాళం ఇచ్చినట్టే. దూదిలో ఏం దొరికినా మడత విప్పకుండా వాళ్ళ చేతిలో పెట్టాలి, ఏంటని అడక్కూడదు." అలాగే ఇచ్చాను. ఆవిడ ఆ ముడిని గుప్పిట్లో పట్టుకుని లోపలికెళ్ళిపోయి చాలాసేపటికి ఎర్రటి కళ్ళతో టీ తెచ్చింది. నేనేం అడగలేదు. అడగాలని నాలుక ఎంత పీకిందో ఆ దేవుడికే తెలుసు.

నీ దిండు పంపు. ఏకి రెండేళ్ళు దాటింది, గడ్డలు కట్టి ఉంటుంది. అమ్మ తన దూదేకే విల్లుతో ఏకిన ఆఖరి దూది అది. మరీ చెడగొట్టుకోకు.

నువ్వంటే తెగ గర్వపడుతున్న
నీ అక్క సఫూరా

* * *

కోళిక్కోడ్,
6 ఫిబ్రవరి 2024

అక్కా,

లడ్లు తిన్నవాళ్ళందరికీ నా తరఫున క్షమాపణ చెప్పు. అది సెల్ఫ్ గోలు. అంటే నేను మా వలలోకే కొట్టుకున్నాను. జనం అరిచారన్నావే, వాళ్ళు అవతలి టీమువాళ్ళు. మావాళ్ళు ఏమన్నారో ఉత్తరంలో రాయలేను. తలొంచుకుని ఎందుకు నిలబడ్డానో వెంకటరావమ్మ గారు ఒక్కరే సరిగ్గా పట్టుకున్నారు. వచ్చే జన్మలో ఆవిడ రెఫరీ అవుతుంది.

నీకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. నేను డిఫెండర్‌ని అక్కా. గోల్స్ కొట్టడం నా పని కాదు, పడకుండా చూడటం నా పని. బాగా ఆడిన రోజున నా పేరు ఎవరూ ఎత్తరు. పేపర్లో నా పేరు పడిందంటే ఏదో తగలేశానన్నమాటే. హైదరాబాద్, కోల్‌కతాలో రెండు, గోవా, షిల్లాంగ్, ఢిల్లీ, ఇప్పుడు ఇది. ఏడు చోట్లా ఇదే కథ. గోలు కొట్టినవాణ్ణి భుజాలమీద మోస్తారు. ఆపినవాడు నడిచే బస్సెక్కుతాడు.

ఇక్కడ హాస్టల్లో కొబ్బరిపీచు పరుపులు. నువ్వు చూస్తే హాస్టల్ వార్డెన్‌ని కొడతావు. వీపంతా గుచ్చుకుంటుంది. దిండొక్కటే మనది కాబట్టి తల వరకు ఇంట్లో ఉన్నట్టుంటుంది.

మే నెలతో కాంట్రాక్టు అయిపోతుంది. కొత్తది ఇస్తారా అని కోచ్‌ని అడిగితే "చూద్దాం" అన్నాడు. ఏడు క్లబ్బులు తిరిగాక ఆ "చూద్దాం" అంటే ఏంటో నాకు బాగా తెలుసు. అయినా ఇంకో రెండేళ్ళు ఆడగలను. ఆడి తీరతాను. నాకు వేరే పనేం చేతకాదు.

దిండు ఈ ఉత్తరంతోపాటే పార్సిల్ చేస్తున్నాను. తొందరగా పంపు. తువ్వాలు మడతపెట్టి పడుకోవడం నావల్ల కాదు.

నీ తమ్ముడు, సెల్ఫ్ గోలు వీరుడు
బాజీ

* * *

పెదనందిపాడు,
25 ఫిబ్రవరి 2024

ఏరా దొంగసచ్చినోడా,

సెల్ఫ్ గోలు సంగతి బజార్లో ఎవరికీ చెప్పలేదు. తిన్న లడ్లు వెనక్కి రావుగా. వెంకటరావమ్మ గారికి మాత్రం చెప్పాను. "నే చెప్పలా?" అని ఆవిడ వారం నుంచి నన్ను చంపుకుతింటోంది.

దిండు వచ్చింది. రాళ్ళమూటలా ఉంది. కుట్టు విప్పబోతే ఒక పక్క కుట్టు మనది కాదు. ఎద్దుకి ముక్కుతాడు వేసినట్టు పెద్ద పెద్ద పోట్లు. అది నీ చెయ్యేనని చూడగానే తెలిసింది. లోపల దూదిలో నాలుగు మడతలేసిన కాగితం. ఓహో అనుకున్నాను! ఇన్నాళ్ళూ మాకు చెప్పకుండా దిండు కింద కూడా కాదు, దిండు లోపల దాచుకుని పడుకుంటున్నావన్నమాట.

విషయం నాకు అర్థమైందిలే. ఎన్నాళ్ళు దాస్తావురా ఇలాంటివి? నేను తప్పుపడతాననుకున్నావా? బావకి చెప్పాను. "ముప్పై మూడేళ్ళొచ్చాయి, ఇక ఆలస్యమెందుకు, ఇంటికి రమ్మను, మిగతాది మనం చూసుకుందాం" అన్నాడు. నా మాటా అదే. ఎప్పుడో ఒకప్పుడు తప్పేది కాదు. ఉన్నదున్నట్టు ఒక్క ముక్క రాయి చాలు, నేనే వచ్చి మాట్లాడతాను.

దూది ఏకాను. సగం పొడైపోయి తూర్పారబట్టినట్టు ఎగిరిపోయింది. యలమందయ్య గారి చేలో ఈ ఏడు పత్తి బాగా తెల్లగా వచ్చింది, అందులోంచి దోసెడు తెచ్చి అమ్మ దూదిలో కలిపాను. పైన తొడిగే గలేబు కుట్టగానే పంపిస్తాను. కాగితం కూడా జాగ్రత్తగా పెడతాను.

నీ మంచికోరే
అక్క

* * *

కోళిక్కోడ్,
4 మార్చి 2024

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు.

దిండు పార్సిల్ చేసిన సాయంత్రానికి ఆ కాగితం గుర్తొచ్చింది. కుంటుకుంటూ పోస్టాఫీసుకి పరిగెత్తాను. సంచులు అప్పటికే వెళ్ళిపోయాయి. సరే, చదివేశావు. బావకీ చెప్పేశావు. "ఇక ఆలస్యమెందుకు" అని బావ అన్నాడా? అనడం తేలికే. నేను ఆట మానేసి ఇంటికొచ్చి ఏం చెయ్యాలి? మిషన్ దగ్గర కూర్చుని బస్తాలకి మూతులు కుట్టాలా?

ఎలాగూ తెలిసింది కాబట్టి మొత్తం చెబుతా. నవంబరులో ఒక మ్యాచ్‌లో కుడి మోకాలు మడతపడింది. క్లబ్బు డాక్టరుకి చెప్పలేదు. సెలవురోజు బయట స్కానింగ్ తీయించుకున్నాను. ఆ రిపోర్టులో ఉన్నదే నిజం. లోపల గుజ్జు చిరిగింది. ఆపరేషన్ చేయించుకుని ఆరు నెలలు ఆట మానాలి, లేదా ఇలాగే ఆడి కాలు పూర్తిగా పోగొట్టుకోవాలి అన్నాడు డాక్టరు. రిపోర్టు బ్యాగులో ఉంటే పక్కమంచం అయూబ్ చూస్తాడని దిండు విప్పి లోపల పెట్టి కుట్టాను. మ్యాచ్ ముందు మాత్రలు మింగుతాను, అయ్యాక ఐసు పెట్టుకుంటాను. ఆ సెల్ఫ్ గోలు కూడా అందుకే. బంతిని బయటికి తోసెయ్యాలని కాలు చాచాను. నేను తిరిగానుగానీ మోకాలు తిరగలేదు.

ముప్పై మూడేళ్ళ డిఫెండర్‌కి మోకాలు పోయిందని తెలిస్తే ఇక ఏ క్లబ్బూ గుమ్మం ఎక్కనివ్వదు. మే దాకా ఎవరికీ తెలియకపోతే ఎక్కడో ఒకచోట ఇంకో ఏడాది దొరుకుతుంది. అంతవరకూ నోరు మూసుకోండి మీరిద్దరూ. నీ కాళ్ళు పట్టుకుంటా, ఇక్కడికొచ్చి కోచ్‌తో మాట్లాడతానని మాత్రం అనకు.

ఒక్కటి మాత్రం బాధగా ఉందక్కా. నువ్వు నా మడత విప్పుతావనుకోలేదు.

బాజీ

* * *

పెదనందిపాడు,
11 మార్చి 2024

బాజీ,

నేను విప్పలేదు.

ఎవరో ముక్కూమొహం తెలియని టీచరమ్మ రుమాలు విప్పనిదాన్ని, అమ్మ చెప్పిన మాట నీ దగ్గర తప్పుతానా? నీ కాగితం అదే నాలుగు మడతల్లో, పైన దారం చుట్టి, బీరువాలో అమ్మ ఫోటో పక్కన ఉంది. కావాలంటే వచ్చి చూసుకో. మోకాలి సంగతి నాకు చెప్పింది ఆ కాగితం కాదురా, నీ ఉత్తరం.

అది ఎవరో పిల్ల రాసిన ఉత్తరమనుకున్నాను! పెళ్ళి సంగతి అనుకున్నాను! బావ "ఆలస్యమెందుకు" అన్నది పెళ్ళికి. ఆ అమ్మాయిది మలయాళం పేరా తెలుగు పేరా అని నేనూ రిహానా పందెం కూడా వేసుకున్నాం. వాళ్ళ పెద్దవాళ్ళతో మాట్లాడటానికి కట్టుకోవాల్సిన మంగళగిరి చీర కూడా బయటికి తీసిపెట్టాను. సిగ్గుతో చచ్చాను నీ ఉత్తరం చదివి. తర్వాత ఏడ్చాను. తర్వాత కోపమొచ్చింది. ఆ కోపంలో నిన్న ఒకరి పరుపు రెండుసార్లు ఏకాను.

ఒరేయ్, పరుపులవాళ్ళింట్లో పుట్టినవాడివి, ఆమాత్రం తెలియదా నీకు? దూది గడ్డకట్టిందని మిట్టపల్లాల మీద పడుకుంటూ పోతే చివరికి అది దేనికీ పనికిరాదు. విప్పాలి, ఏకాలి, పోయింది పోగా మిగిలిందాంట్లో కొత్తది కలపాలి. విప్పేటప్పుడు దుమ్ము లేస్తుంది, దగ్గొస్తుంది. లేవనీ. నవంబరు నుంచి నొప్పితో పరిగెడుతున్నావా నువ్వు? నీ ఒళ్ళు నీకు అంత చవకైపోయిందా?

ఇంకో మాట అడుగుతా. పార్సిల్ చేసేటప్పుడు నిజంగానే మర్చిపోయావా? నీలో ఏదో ఒక మూల అక్క చూస్తే బాగుండునని లేదూ? నాకలాగే అనిపిస్తోంది. లేకపోతే లేదని రాయి.

కోచ్‌కి నేను చెప్పను. బావా చెప్పడు. అది నీ మడత, నీ చేత్తోనే విప్పాలి. కానీ ఒక్కటి విను. దిండు నేను పోస్టులో పంపను. నువ్వు ఆపరేషన్‌కి ఒప్పుకున్న రోజున నేనే చేత్తో పట్టుకొస్తాను. అప్పటిదాకా తువ్వాలు మడతపెట్టుకునే పడుకో.

అక్క

* * *

కోళిక్కోడ్,
2 ఏప్రిల్ 2024

అక్కా,

నన్ను క్షమించు. ఈ మూడు వారాల్లో ఆ "నేను విప్పలేదు" అన్న ముక్క ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అమ్మ మాట నేనే మర్చిపోయాను. తప్పు చేసినవాడికి అందరూ తన తప్పే చూస్తున్నట్టుంటుంది కదా. నువ్వడిగిన దానికి జవాబు: నాకు తెలియదు. కానీ దిండు పంపేసిన రోజు నుంచి భయంతోపాటు ఏదో హాయిగా కూడా ఉంది.

మొన్న శనివారం కోచ్ గదికెళ్ళి చెప్పాను. జాలిపడతాడనుకున్నాను. తిట్టాడు. "నీ కాలు నీ ఇష్టం. కానీ నీ పక్కన పదిమంది ఆడుతున్నారు. నీవైపు నువ్వు కాస్తావని నమ్మి వాళ్ళు ముందుకెళ్ళారు. వాళ్ళకి అబద్ధం చెప్పావు" అన్నాడు. పదిహేనేళ్ళలో నన్నెవరూ అంత మాట అనలేదు. అది నిజం. బయటికొచ్చేటప్పుడు పిలిచి, "మంచి సర్జన్ ఉన్నాడు, నేనే ఫోన్ చేస్తా" అన్నాడు.

మిగిలిన మ్యాచ్‌లకి నన్ను తీసేశారు. మే తర్వాత కాంట్రాక్టు లేదని కూడా చెప్పేశారు. అంటే ఇప్పుడు నేను ఏ క్లబ్బు ఆటగాణ్ణీ కాదు. ఈ మాట కాగితం మీద రాయడానికి రెండు పెన్నులు మార్చాను, తప్పు పెన్నుదన్నట్టు.

ఏప్రిల్ 18న ఆపరేషన్. నాకు భయంగా ఉందక్కా. కత్తికి కాదు. లేచాక నేనెవర్ని అని.

దిండు తెస్తానన్నావుగా.

బాజీ

* * *

ఐజ్వాల్,
26 జనవరి 2025

అక్కా, బావా,

మీ ఇంట్లో ఏడు నెలలు తిని, కాలు చాపుకుని పడుకుని, ఇప్పుడు కొండమీదికొచ్చి పడ్డాను. ఇక్కడ గ్రౌండు నుంచి కిందికి చూస్తే మబ్బులు. చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. నువ్విచ్చిన పచ్చిమిరపకాయల పచ్చడి మా వంటవాడికి రుచి చూపించాను. వీళ్ళ మిరపకాయలు అంతకంటే కారం! గుంటూరు పరువు తీశావు.

వచ్చి మూడు వారాలైంది. ట్రయల్స్‌లో ఇక్కడి కోచ్ ముందు నేనే మోకాలు చూపించాను. "ఇదిగో కుట్లు, ఇదిగో రిపోర్టు, నాకు ముప్పై నాలుగు" అన్నాను. ఆయన రిపోర్టు చదివి, "నా డిఫెన్సులో అందరికీ ఇరవై లోపే. పరిగెత్తడం నేర్పక్కర్లేదు, ఎక్కడ నిలబడాలో చెప్పే మనిషి కావాలి" అన్నాడు. సీజను చివరిదాకా కాంట్రాక్టు. చిన్న క్లబ్బే. ఎనిమిదోది.

మొన్న ఆదివారం డెబ్భై ఒకటో నిమిషంలో నన్ను ఆటలోకి దింపారు. అప్పటికి మాది ఒక గోలు పైన. చివరి దాకా అలాగే ఉంచాం. యలమందయ్య గారి చేను గట్టుమీద రోజూ నడిపించావే, పక్కన నువ్వు దూది బస్తా మోస్తూ "వంగదీ మోకాలు, వంచు!" అని ఊరంతా వినపడేలా అరిచేదానివే, అదే చెవుల్లో మోగింది. పేపర్లో నా పేరు లేదు. నువ్వు సంతోషపడొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. ఆపరేషన్ నాడు నువ్వు తెచ్చిచ్చిన దిండులో, ఇక్కడికొచ్చిన దగ్గర్నుంచి ఒక మూల ఏదో గరగరమంటోంది. నిన్న కుట్టు విప్పి చూశాను. నాలుగు మడతలేసిన కాగితం, పైన తెల్లదారం. నేను పెట్టింది కాదు. దిండు కుట్టింది నువ్వు కాబట్టి కాగితం నీదే అయ్యుండాలి. పొరపాటున పడిపోయిందేమో.

ఒకసారి తప్పు చేశాను, ఈసారి చెయ్యను. మడత విప్పలేదు, ఏంటని అడగను. ఈ ఉత్తరంతోపాటు కవర్లో పెట్టి తిరిగి పంపిస్తున్నాను.

పరుపులవాళ్ళింటి పిల్లాడు
బాజీ

* * *

పెదనందిపాడు,
12 ఫిబ్రవరి 2025

ఒరేయ్ పిచ్చినాగన్నా,

నీ కవరు విప్పి, దారం కూడా సడలని నా కాగితాన్ని చూసి పడీ పడీ నవ్వాను. ఆ నవ్వులోనే ఏడుపొచ్చింది. బావ ఏమైందోనని మిషన్ ఆపి పరిగెత్తుకొచ్చాడు.

ముందు మ్యాచ్ సంగతి. బావ ఫోన్‌లో పెడితే మొదట్నుంచీ చూశాను. ఇన్నేళ్ళూ నేను బంతి ఎటుపోతే అటు చూసేదాన్ని, అందుకే నువ్వెప్పుడూ కనపడేవాడివి కాదు. ఈసారి నువ్వు దిగాక బంతిని వదిలేసి నిన్నే చూశాను. నువ్వసలు బంతిని ముట్టుకున్నదే తక్కువ. చెయ్యి చూపిస్తావు, అరుస్తావు, రెండడుగులు పక్కకి జరుగుతావు. అంతే. కానీ అవతలి టీము ఎర్రచొక్కావాడు మొదట రెండుసార్లు నీవైపు వచ్చాడు, తర్వాత ఇక నీవైపు రావడమే మానేశాడు. అది చూశాన్రా నేను! వెంకటరావమ్మ గారికి ఫోన్ చేసి చెప్పాను. "పరుపు మెత్తగా ఉంటే దూది గురించి ఎవరు మాట్లాడతారమ్మా" అంది ఆవిడ. ఈసారి లడ్లు పంచితే ఎందుకని అడిగారు. "ఏమీ జరగలేదు, అందుకని" అన్నాను.

ఇక కాగితం. అది పొరపాటున పడింది కాదు. నీకోసమే రాసి, నువ్వు ఐజ్వాల్ బయల్దేరేముందు నా చేత్తో లోపల పెట్టి కుట్టాను. ఆపరేషన్ ముందు "లేచాక నేనెవర్ని" అని రాశావే, దానికి జవాబు అప్పుడే రాశాను. కానీ ఇవ్వలేదు. నువ్వు మళ్ళీ నడవడం, పరిగెత్తడం చూశాక, ఇప్పుడే దీంతో పని లేదనిపించింది. భయపడకు, చెడ్డ మాట ఒక్కటీ లేదు. నువ్వు బూట్లు విప్పేసి, ఇక చాలు అనుకున్న రోజున చదవాల్సింది అది. ఆ రోజు ఎవరూ పక్కన లేకపోయినా అక్క మాట తలకింద ఉండాలని పెట్టాను.

అందుకని నీ కాగితం నీకే తిప్పి పంపిస్తున్నాను. సూదీ, దారమూ కూడా పెట్టాను. మళ్ళీ దూది మధ్యలో పెట్టి కుట్టెయ్. ఎద్దు ముక్కుతాడు పోట్లు కాదు, చిన్న చిన్నగా, దగ్గర దగ్గరగా కుట్టు. గరగరమంటే అననీ, దాని మీదే పడుకో. నీకు చదవాలనిపించిన రోజున నన్నడక్కుండా విప్పుకో. ఈలోపు ఆదివారం మ్యాచ్ ఉందటగా, మోకాలు వంచు.

నీ అక్క
సఫూరా